ఆరో భాగంలో గంజి

టోక్యో, జింబోచో
1993 అక్టోబరు 14

మిసావోకి,

"ఆకులు ఎర్రబడే ఈ వేళ మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాలిట. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల నాకు నేర్పుతోంది. నీకలా రాస్తే చదవకుండానే పొయ్యిలో పెడతావని దానికి చెప్పాను. ఎలా ఉన్నావు? మీ ఆయన ఎలా ఉన్నారు?

'గాలి శిష్యులు' ఆరో భాగం వచ్చి నెలయింది. పాఠకుల కార్డులు మొదలయ్యాయి. ఇందులో అరవై ఒకటి పెట్టాను. పాపం ఆరేళ్ళు ఆగారు కదా, కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు. పుస్తకంలో మనం పెట్టే కార్డు అరచేయంత ఉంటుందా, అభిప్రాయానికి ఇచ్చిన చోటు నిండిపోయి అంచుల మీదా, చిరునామా పక్కనా కూడా రాసి పంపుతున్నారు. ఐదో భాగం నాటికి బళ్ళో ఉన్నవాళ్ళు ఇప్పుడు "వృత్తి" దగ్గర నర్సనీ, బస్సు డ్రైవరనీ రాస్తున్నారు. నాకు వయసైపోయిందని అలా తెలిసింది. మోకాళ్ళు ముందే చెప్పాయనుకో.

సెందాయ్ నుంచి పదహారేళ్ళవాడొకడు మండిపడ్డాడు. "ఐదో భాగం చివర ఉత్తరదేశపు రాజు సైన్యంతో కనుమ దాకా వచ్చాడు. ఆరో భాగంలో వాళ్ళు మంచులో చిక్కుకుపోయారని ఒక్క వాక్యంలో తేల్చేశారు. మిగతా మూడువందల పేజీలూ మాట పడిపోయిన గురువుకి శిష్యురాలు నగి సేవ చెయ్యడమే. యుద్ధం ఏది? ఇది మోసం." అదీ వాడి గోల. మావాళ్ళంతా చదువుకుని నవ్వారు. నాకు వాడు నచ్చాడు.

పక్షవాతం వచ్చిన నోటితో మీ ఆయన చెప్పడం, నువ్వు పట్టుకుని రాయడం, ఇంత పుస్తకం ఎలా చేశారో నాకు తలచుకుంటేనే నీరసం వస్తుంది. వెంటనే అడగకూడదు గానీ అడుగుతున్నాను. ఏడో భాగం మొదలుపెట్టారా? అదే ఆఖరిది కదా. తొంభై అయిదు మార్చిలో నాకు అరవై నిండుతాయి, పూలగుత్తి చేతిలో పెట్టి ఇంటికి పంపుతారు. నేను వెళ్ళాక ఇక్కడ పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు ఎవరూ ఉండరు. కాబట్టి అది నా చేతి మీదుగానే రావాలి.

నీ
తొమోయె

---

త్సురుఒకా
నవంబరు 9

తొమోయెకి,

కార్డులు అందాయి. ఆయనకి రోజుకి పది చొప్పున చదివి వినిపించాను. సెందాయ్ కుర్రాడి కార్డుకి నవ్వారు. అందరికీ జవాబులు రాసేశాను, ఎప్పట్లాగే ఆయన దస్తూరీలో. ఇన్నేళ్ళూ ఆయన చిత్తుప్రతులు శుభ్రంగా తిరగరాసి పంపింది నేనే, పాఠకులకి జవాబులు రాసిందీ నేనే కాబట్టి, ఆయన దస్తూరీ అంటే లోకానికి నాదే. ఆయన సొంత రాత మందుల షాపువాడికి కూడా అర్థమయ్యేది కాదు.

మత్సుయామా పిల్ల, పన్నెండేళ్ళది, నగి కాచే గంజిలో ఏం వేస్తుందని అడిగింది. వాళ్ళమ్మని అడిగితే పుస్తకంలో చూసుకోమందిట. ముల్లంగి ఆకులు సన్నగా తరిగి, దించే ముందు వేస్తుందని రాశాను. నాగనోలో ఒక పెద్దావిడ, డెబ్భై ఒకటి, మొగుడికి పదకొండేళ్ళు సేవ చేసిందిట. నగి గంజి తినిపించే ఎనభై ఎనిమిదో పేజీ దగ్గర పుస్తకం మూసి వెళ్ళి మొహం కడుక్కొచ్చానని రాసింది. అంతకుమించి ఏమీ రాయలేదు. ఆ కార్డు పక్కన పెట్టుకున్నాను.

ఇక్కడ వాన, గాలి. బట్టలు ఆరి చావవు. ఇంట్లో దండేలు కట్టి వాటి కింద వంగి తిరుగుతున్నాను. మంగళ, శుక్రవారాల్లో ఆయన్ని చూసుకోడానికి ఊరి కచేరీ వాళ్ళు పంపే ఇగరాషి గారు వస్తారు, ఆ రెండు గంటల్లో బజారు పని చూసుకుంటాను. మంచి మనిషి. చెప్పులు కూడా స్కేలు పెట్టి సర్దినట్టు సర్దుతుంది.

ఏడో భాగం సంగతి ఆయన ఏమీ అనలేదు. తొందర పెట్టకు.

మిసావో

---

టోక్యో
డిసెంబరు 10

మిసావో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదివి ఇక నోరు మూసుకోలేక ఇది రాస్తున్నాను.

నేను మీ రొకురో గారి పుస్తకాలకి ఇరవై రెండేళ్ళుగా సంపాదకురాలిని. ఐదు భాగాల్లో, పద్ధెనిమిది వందల పేజీల్లో, ఆ కొండ మీద పన్నెండుమంది శిష్యులు గాలికి పేర్లు పెట్టారు, మెరుపుని తాడు పేనినట్టు పేనారు, ఒక్కడంటే ఒక్కడు తుమ్మలేదు. అన్నం తిన్న పాపాన పోలేదు. వాళ్ళ బట్టలు ఎవరు ఉతికేవారో దేవుడికే తెలియాలి. రెండో భాగం అప్పుడు నేనే అడిగాను, ఈ పిల్లలకి ఆకలెయ్యదా అని. "మాంత్రికుల కథలో వంటిల్లు ఎందుకండీ" అని కొట్టిపారేశారు. గుర్తుందా, నువ్వు టీ తెచ్చి అక్కడే నిలబడ్డావు.

ఇప్పుడు కవగొయె నుంచి ఇరవై నాలుగేళ్ళ బస్సు డ్రైవరు రాశాడు చూడు. "ఐదు భాగాలూ పాతికసార్లు చదివాను. వీటిలో పొగ వాసన లేదు. ఆరో భాగం రెండో పేజీలోనే పొయ్యి మీదికి కుండెక్కింది. నగి మడమల పగుళ్ళకి కొవ్వు రాసుకుంటోంది. పడుకున్న మనిషిని పక్కకి తిప్పాలంటే ముందు మోకాలు మడవాలని దానికి తెలుసు. గురువుగారూ, ఇవన్నీ మీకెవరు నేర్పారు?"

ఇలాంటివి ఒకటి కాదు, ఇరవై దాకా ఉన్నాయి. పాఠకులు మనకంటే గట్టివాళ్ళు తల్లీ. నేను నిన్ను ఏమీ అడగడం లేదు. నువ్వు చెప్పకపోయినా నా స్నేహం ఎక్కడికీ పోదు. చలికాలంలో నీ కాళ్ళ మడమలు ఎలా ఉండేవో హాస్టల్లో ఒకే గదిలో మూడేళ్ళు చూసినదాన్ని, అంతే.

ఇంకొకటి. కొన్ని కార్డులు నీకు పంపకుండా నా సొరుగులో పెట్టాను. అలిసిన మనిషికి పంపదగ్గవి కావని నాకనిపించింది.

తొమోయె

---

త్సురుఒకా
1994 జనవరి 17

తొమోయె,

మంచు కిటికీ సగం దాకా వచ్చింది. పొద్దున పార తీసుకుని గుమ్మం దాకా దారి చేసుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు కూచుని నీకు నిజం రాస్తున్నాను. ఇంకా దాచడానికి నాకు ఓపిక లేదు.

ఆయన నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆరో భాగం నేనే రాశాను. అది ఉందన్న సంగతే ఆయనకి తెలియదు.

ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన వారానికి, ఆయన రాసి ఆపేసిన ముప్ఫై కాగితాలు తెచ్చి పక్కన పెట్టాను. చదివితే ఉత్సాహం వస్తుందనుకున్నాను. ఎడమ చేత్తో అన్నీ నేల మీదకి తోసేశారు. "వద్దు" అన్నారు. ఆయన నోట సరిగ్గా వచ్చే మూడు నాలుగు మాటల్లో అదొకటి. గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో ఆ పుస్తకం మాట ఎత్తలేదు.

కానీ పిల్లల ఉత్తరాలు ఆగవు కదా. తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అని. "రాస్తున్నాను" అని ఆయన దస్తూరీలో ఏడాది పాటు జవాబులిచ్చాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఆయన నిద్రపోతారు. ఒకరోజు అలా జవాబులు రాస్తుంటే చేతి కింద ఆయన కథలు రాసుకునే గళ్ళ కాగితం ఒకటి ఉంది. "నగి కుండ పొయ్యి మీద పెట్టింది" అని రాశాను. మర్నాడు ఆ కుండలో ఏముందో రాశాను. రెండేళ్ళు, రోజూ ఆ గంటన్నర. నాకు యుద్ధాలు రావు. నాకు వచ్చింది రాశాను.

చేసింది తప్పని నాకు తెలుసు. ఆయన పేరు పెట్టి పంపాను, చెప్పి రాయించారని నీతో అబద్ధమాడాను. నువ్వు పంపిన పుస్తకాలు బియ్యం పెట్టెలో దాచాను, ఆయన వంటింటి దాకా రాలేరు కాబట్టి. పెట్టెలో చోటు లేక బియ్యం బకెట్లో పోసుకున్నాను. సెందాయ్ కుర్రాడి కార్డుకి ఆయన నవ్వలేదు. ఆయనకి నేను ఏ కార్డూ చదవలేదు.

రాసినన్నాళ్ళూ నాకు బాగుండేది తొమోయె. అది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. లోపల ఆయన అలా పడుంటే, నేను వంటింట్లో కొండ మీదికి వెళ్ళి కూచునేదాన్ని.

నీ సొరుగులో ఉన్న కార్డులు పంపు. ఏమున్నా పరవాలేదు.

మిసావో

---

టోక్యో
జనవరి 29

మిసావో,

నీ ఉత్తరం చదివి ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు, నా మీద. మూడొందల పేజీలు తిరగేసి అచ్చుకిచ్చినదాన్ని, నువ్వని తెలియలేదా అంటే తెలిసింది. తెలియనట్టు ఉంటే పుస్తకం వస్తుంది కదా అని ఊరుకున్నాను. ఇద్దరం దొంగలమే.

ఏడు కార్డులు పెడుతున్నాను. ఆరు ఉత్తి తిట్లు. యుద్ధం లేదనీ, గురువుని మంచాన పడేశారనీ. ఏడోది బెప్పు నుంచి, ఎతో సుమిరె అని పదేళ్ళ పిల్ల. నువ్వు హఠాత్తుగా చదవకూడదని ముందే ఇక్కడ రాస్తున్నాను.

"నగి గురువుగారికి గంజి పెట్టేటప్పుడు మంచి మాటలే చెప్తుంది. కానీ చెంచా గట్టిగా పెడుతుంది. అలా నాలుగుసార్లు ఉంది. నేను వేలు పెట్టుకుని చూశాను. నగికి గురువుగారు చచ్చిపోతే బాగుండునని ఉందా? ఉంటే నాకు చెప్పండి. ఎవరికీ చెప్పను."

అది చదివి నేను లేచి కిటికీ దగ్గరకి వెళ్ళాను. నువ్వు రాసేటప్పుడు నీకు తెలుసో తెలియదో నాకు తెలియదు. నేను అచ్చుతప్పులు దిద్దుతూ కూడా చూడలేదు. ఆ పిల్ల చూసింది.

మిసావో, నేను ఒక్క మాట చెప్తాను, తిట్టుకున్నా సరే. ఏడో భాగం రాసే ముందు ఆయనకి చెప్పు. రొకురో గారు పొగరుమోతు మనిషే. నా మొహం మీదే నన్ను అక్షరం ముక్క రాదన్నారు ఒకసారి. అయినా ఆ కొండ ఆయనది. నీ ఒంట్లో ఓపిక అయిపోయిందని కూడా చెప్పు. నువ్వు చెప్పకపోతే ఆయనకి ఎలా తెలుస్తుంది? నాలుగేళ్ళుగా ఆయన గోడ చూస్తున్నారు, నువ్వు ఆయన వీపు చూస్తున్నావు.

ఇగరాషి గారి కంట పడకుండా కవరు మీద "చిరునామాదారు స్వయంగా తెరవవలసినది" అని రాసి పంపుతున్నాను.

తొమోయె

---

త్సురుఒకా
ఫిబ్రవరి 20

తొమోయె,

కవరు మీద నువ్వేం పేరు రాశావో గుర్తుందా? ఇరవై రెండేళ్ళ అలవాటు. "హొరియె రొకురో గారికి" అని రాశావు. దాని పక్కనే ఎర్ర సిరాతో, స్వయంగా తెరవవలసినదని.

నేను బజారుకెళ్ళాను. ఉల్లికాడలు, తోఫూ, ఆయన మందులు. పోస్టు ఆ టైములో వచ్చింది. ఇంకెవరైనా అయితే అల్మారా మీద పెట్టేవాళ్ళు. ఇగరాషి గారు పెట్టలేదు. స్వయంగా అని ఉంది కదా అని ఆయన గదిలోకి తీసుకెళ్ళి, కూచోబెట్టి, వీపు వెనక దిళ్ళు పెట్టి, కళ్ళజోడు తగిలించి, కవరు కత్తిరించి ఒళ్ళో పెట్టి, తను బయటికొచ్చి కూచుందిట. ఇంకొకరి ఉత్తరం వైపు చూడకూడదని. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ చేసింది సరైన పనే.

నేను వచ్చేసరికి కార్డులన్నీ దుప్పటి మీద పరిచి ఉన్నాయి. నీ ఉత్తరం విప్పి ఉంది. పొగరుమోతు అన్నదీ, నేను ఆయన వీపు చూస్తున్నాననీ, అన్నీ చదివారు. బెప్పు పిల్ల కార్డు ఎడమ చేతిలో ఉంది. చేతిలో తోఫూ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అనగలిగిన ఆ మూడు నాలుగు మాటల్లో ఒక్కటీ ఆయన అనలేదు. కార్డు మాత్రం ఇవ్వలేదు.

ఇది జరిగి పదిహేను రోజులు. నా చేత్తో ఏమీ తినడం లేదు. ఇగరాషి గారు పెడితే తింటారు. ఆవిడ రాని రోజున చెంచా తనే ఎడమ చేత్తో పట్టుకుని సగం దుప్పటి మీద పోసుకుంటున్నారు. నేను దుప్పటి మారుస్తాను. అంతే మా సంసారం.

నీ మీద నాకు కోపం లేదు. ఉండాల్సిందేమో, కోప్పడటానికి కూడా బలం లేదు. ఆ పిల్ల అడిగింది నిజమే తొమోయె. నీ ఒక్కదానికే చెప్తున్నాను. కొన్ని రోజులుంటాయి. పొద్దున్నే లేచి, ఈ మనిషి లేకపోతే ఇవాళ నేను ఎన్ని గంటలు పడుకునేదాన్నా అని లెక్కేస్తాను. తర్వాత నన్ను నేను తిట్టుకుని గంజి కాస్తాను. అది పుస్తకంలోకి వచ్చేసిందని నాకు తెలియదు. ఇప్పుడు ఆయనకి తెలిసింది.

ఏడో భాగం రాయను. నన్ను అడగకు.

మిసావో

---

టోక్యో
ఫిబ్రవరి 27

మిసావో,

నీ ఉత్తరం అందింది. కొంప ముంచింది నా చెయ్యే. ఆ పేరు నేను చూసుకోకుండా రాసేశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఏడో భాగం అడగను. ఇక్కడ వాళ్ళకి చెప్పేశాను, రచయిత ఆరోగ్యం బాగాలేదు, రాదు అని. అది అబద్ధం కాదు. రచయిత ఆరోగ్యం నిజంగానే బాగాలేదు.

నువ్వు అన్నదానికి జవాబు. మా అమ్మకి ఆరేళ్ళు చేశాను, నీకు తెలుసు. ఆఖరి ఏడాది నేను రోజూ ఇంటి వీధి మొదట్లో ఒక్క నిమిషం ఆగేదాన్ని, ఇవాళ తలుపు తీసేసరికి అయిపోయి ఉంటే బాగుండునని. ఎవరికీ చెప్పలేదు. అమ్మ మీద ప్రేమ లేక కాదు. ఒళ్ళు హూనమై. నువ్వు రాక్షసివి కావు, అలిసిపోయావు. నా దగ్గరకి వచ్చి పది రోజులు పడుకో. నిద్ర లేపను, మాట్లాడించను, వేళకి నూడుల్స్ తెప్పిస్తాను.

వస్తావా? రాలేనంటావు. నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

తొమోయె

---

త్సురుఒకా
ఏప్రిల్ 5

తొమోయె,

మంచు కరిగింది. పెరట్లో బురద. చలికాలమంతా మంచం పట్టినట్టున్న ఊరు ఇప్పుడు లేచి తలుపులు తీస్తోంది.

ఒక సంగతి జరిగింది. ఫిబ్రవరి నెలాఖరున ఆయన "పుస్తకం" అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం నాలుగేళ్ళలో మొదటిసారి. నేను తెలియనట్టు ఐదో భాగం తెచ్చిచ్చాను. "కాదు" అన్నారు. వంటింటి వైపు చూపించారు. బియ్యం పెట్టెలో దాచినట్టు నువ్వు రాయలేదే, ఎలా తెలిసిందో అని ఆశ్చర్యపోయాను. బియ్యం బకెట్లో కొలిచే చప్పుడు వేరుగా ఉంటుందిట, అయిదారు నెలల నుంచీ అనుకుంటున్నారట. ఇది ఆయన చెప్పడానికీ, నేను అర్థం చేసుకోడానికీ ముప్పావు గంట పట్టింది. మంచంలో ఉన్న మనిషికి ఏమీ తెలియదనుకుంటాం.

చదివి వినిపిస్తానన్నాను. "వద్దు." తనే చదువుతారట. దిండు మీద పుస్తకం ఆనించి, ఎడమ చేత్తో పేజీ తిప్పుకుంటూ రోజుకి ఎనిమిది పది పేజీలు. నేను గదిలోకి వెళ్తే పుస్తకం బోర్లా పెట్టేస్తారు. పరీక్ష పేపరు దిద్దుతుంటే బయట కూచున్న పిల్లలా ఉంది నా పని. అరవై ఏళ్ళొస్తున్నాయి, సిగ్గులేదు, మొహం చూసి ఏ పేజీలో ఉన్నారో ఊహించుకుంటున్నాను. ఎనభై ఎనిమిదో పేజీ చదివిన రోజున మాత్రం తెలిసింది. ఆ సాయంత్రం నేను చెంచా తీసుకెళ్తే నోరు తెరిచారు.

కిందటి వారం పూర్తయింది. పెన్సిలు కావాలన్నారు. ఇచ్చాను. నన్ను బయటికి పొమ్మన్నారు. శుక్రవారం ఇగరాషి గారి చేతికి ఏదో ఇచ్చి పోస్టు చెయ్యమన్నారు. ఏమిటండీ అని అడిగితే ఆవిడ, "అది ఆయన ఉత్తరమండీ, నేను చూడలేదు" అంది. ఆవిడతో పెట్టుకోలేం.

నీకేమైనా వచ్చిందా? వస్తే చెప్పు. మంచైనా చెడైనా సరే. ఇంక తెలియకుండా ఉండటం నా వల్ల కాదు.

మిసావో

---

టోక్యో
ఏప్రిల్ 24

మిసావో,

వచ్చింది. ఉత్తరం కాదు. ఆరో భాగంలో మనం పెట్టే పాఠకుల కార్డు. రెండు వారాలు ఆలస్యమైంది, చిరునామా మీద గంజి మరక పడి తపాలా వాళ్ళు అటూ ఇటూ తిప్పినట్టున్నారు. కొత్తపిల్ల మామూలు కార్డుల్లో కలిపి నా బల్ల మీద పడేసి, "ఇదెవరో చాలా చిన్నపిల్లాడిది, అక్షరాలు ఇప్పుడే నేర్చుకుంటున్నాడు పాపం" అంది. పేరు చూసి నేను లేచి నిలబడ్డాను.

అసలు నా దగ్గర ఉంచుకుంటున్నాను, తపాలాలో పోతే నేను చచ్చిపోతాను. ఉన్నదున్నట్టు దించుతున్నాను. నిజానికి ఒక్కో అక్షరం రెండు గడులంత ఉంది.

పేరు: హొరియె రొకురో.
వయసు: 65.
వృత్తి: పాఠకుడు.
ఈ పుస్తకం గురించి ఎలా తెలిసింది: "స్నేహితులు చెప్పారు" అన్న దాని చుట్టూ సున్నా చుట్టారు. అది నన్నే అనుకుంటాను. పోనీ, స్నేహితురాలన్నారు.

అభిప్రాయం: "రచయిత్రి గారికి. గురువు నిజంగా ఇలాగే ఉంటాడు. చెంచా గట్టిగా తగిలిన మాట నిజం. ఏడో భాగంలో గురువుని చంపెయ్యండి. నగిని కొండ దిగనివ్వండి."

అంతే. చోటు అయిపోయింది.

నేను నీకు ఏమీ చెప్పను ఇంక. నాకు చేతకాదు.

తొమోయె

---

త్సురుఒకా
మే 8

తొమోయె,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. ఆ తర్వాత ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, పొయ్యి మీద గంజి అడుగంటింది. వాసనకి ఆయనే లోపలి నుంచి "ఊ, ఊ" అని కేకేశారు.

లోపలికి వెళ్ళి, మీ కార్డు ప్రచురణకర్తలకి చేరిందండీ అన్నాను. కళ్ళు మూసుకున్నారు. పిల్లలు ఫలానావాణ్ణి చంపండి, ఫలానావాళ్ళకి పెళ్ళి చెయ్యండి అని రాస్తే ఆయన నా చేత ఒకటే జవాబు రాయించేవారు. "మీ మాట విన్నాను. కథ మాత్రం నేను రాస్తాను." అదే ఆయనకి చెప్పాను. మీ మాట విన్నాను, కథ మాత్రం నేను రాస్తాను అని. ముందు ఆయన నోరు ఒకవైపు కదిలింది, నవ్వుతున్నారనుకున్నాను. ఏడుస్తున్నారు. నేను పక్కన కూచుని ఏడ్చాను. నాకు మిమ్మల్ని చూస్తే కొన్ని రోజులు మీరు పోతే బాగుండుననిపిస్తుందండీ అని పైకే చెప్పేశాను. "తెలుసు" అన్నారు. ఆ మాట ఇన్నాళ్ళూ ఆయనకి వచ్చేది కాదు, కొత్తగా వచ్చింది.

ఊరి చివర పెద్దవాళ్ళని పది రోజులు ఉంచుకునే చోటు ఒకటుంది. రెండేళ్ళుగా ఇగరాషి గారు చెప్తూనే ఉంది, నేనే నలుగురూ ఏమనుకుంటారోనని ఒప్పుకోలేదు. ఈసారి ఆయనే ఆవిడకి చెప్పి కాగితం తెప్పించారు, ఎడమ చేత్తో సంతకం పెట్టారు. నన్ను చూసి "వెళ్ళు" అన్నారు. అక్కడి గంజి బాగుండదని నేనంటే గోడవైపు తిరిగారు. ఈసారి కోపంతో కాదు, ఇంక మాట్లాడకు అని.

ఇరవయ్యో తారీకు పొద్దుటి రైలుకి వస్తున్నాను. ఏడో భాగం మొదటి పదకొండు పేజీలు తెస్తున్నాను. ఆరు పేజీలకి ఆయన పెన్సిలుతో గీతలు పెట్టారు. నాలుగు చోట్ల ఒప్పుకున్నాను. నువ్వు స్టేషనుకి రానక్కర్లేదు, పక్క వేసి ఉంచు.

బెప్పు పిల్లకి ఇవాళ జవాబు రాశాను. ఆయన దస్తూరీలో మొదలుపెట్టి ఆపేశాను. నా సొంత దస్తూరీ ఎలా ఉంటుందో మర్చిపోయాను, బజారు చీటీలు వెతికి చూసుకుని రాశాను. నకలు పెడుతున్నాను.

"సుమిరె,

నువ్వు అడిగింది నిజం. నగికి కొన్ని రోజులు అలా అనిపిస్తుంది. చాలా అలిసిపోయిన రోజుల్లో. గురువుగారికి ఆ సంగతి ఇప్పుడు తెలుసు, కోప్పడలేదు. ఆయన చచ్చిపోతారా లేదా అన్నది నేనింకా రాయలేదు. నగి మాత్రం పది రోజులు కొండ దిగి వెళ్తోంది. తిరిగి వస్తుంది.

ఆలస్యంగా జవాబు రాసినందుకు ఏమీ అనుకోకు. ఎవరికీ చెప్పనన్నావు కదా, చెప్పుకోవచ్చు.

హొరియె మిసావో
(ఆరో భాగం రాసినావిడ)"